415 వోల్టుల ప్యానెల్‌కి ఏ బ్రేకర్? సెట్టింగు, సర్వీసు, భద్రత కలిపి చూసే పోలిక

రైస్ మిల్లుకో, కోల్డ్ స్టోరేజీకో, పెద్ద అపార్ట్‌మెంటుకో కొత్త ప్యానెల్ పెట్టించేటప్పుడు నాలుగు కొటేషన్లు తెప్పించి పక్కపక్కన పెట్టుకుంటాం. ఎన్ని ఆంపియర్లు, ఎన్ని కిలో ఆంపియర్ల ఫాల్ట్ (షార్ట్ సర్క్యూట్ కరెంటు) తట్టుకుంటుంది, ధర ఎంత, గ్యారంటీ ఎన్నాళ్లు అని చూస్తాం. ఇవన్నీ చూడాల్సినవే. ఆ కాగితాల్లో రాయనిది ఇంకొకటి ఉంటుంది. ఆ బ్రేకర్‌ని రేపు ఎవరు చూసుకుంటారు? అందులో ఏది విప్పొచ్చు, ఏది తిప్పొచ్చు? ఆ పని చేసే మనిషికి ఎంత ప్రమాదం? బ్రేకర్ ఒకసారి ప్యానెల్లో కూర్చుంటే ఇరవై ఏళ్లయినా అక్కడే ఉంటుంది. అందుకే నా సలహా ముందే చెప్తాను. చూసుకునే మనిషి లేని చోట ఖరీదైన ఏసీబీ (విప్పి సర్వీసు చేసుకునే ఎయిర్ సర్క్యూట్ బ్రేకర్) కన్నా సరిగ్గా ఎంచిన ఎంసీసీబీ (మూసిన పెట్టెలా వచ్చే మోల్డెడ్ కేస్ బ్రేకర్) మేలు. చూసుకునే మనిషి, ఏడాదికోసారి షట్‌డౌన్ తీసుకునే వీలు ఉన్నచోట మాత్రం బయటికి లాగే రకం ఏసీబీకి పెట్టిన డబ్బు దండగ కాదు.

ఇది లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్లకు, సూపర్‌వైజర్లకు, వాళ్లతో పని చేయించుకునే యజమానులకు, అసోసియేషన్ కమిటీలకు రాస్తున్నది. చూసి నేర్చుకుని సొంతంగా ప్యానెల్ విప్పమని కాదు. 11 కేవీ దగ్గర జాగ్రత్తగా ఉండేవాళ్లు కూడా ఎల్‌టీ (415 వోల్టుల) ప్యానెల్ దగ్గరికి వచ్చేసరికి తేలిగ్గా తీసుకుంటారు. బస్‌బార్ల (ప్యానెల్లో కరెంటు మోసే లోహపు పట్టీల) మీద స్పానర్ జారిపడితే పుట్టే ఆర్క్ మనిషికి షాక్ కొట్టకుండానే ఒళ్లంతా కాల్చేస్తుంది.

మూడు రకాలు, వాటి హద్దులు

ఎంసీబీ (ఇళ్ల బోర్డుల్లోనూ ఉండే చిన్న బ్రేకర్) గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అది మూసేసిన పెట్టె. లోపల సర్వీసు చేసేదేమీ లేదు, తిప్పే సెట్టింగూ లేదు. కొనేటప్పుడు ఎంచుకునే కర్వే దాని సెట్టింగు. బి కర్వ్ రేటింగుకి 3 నుంచి 5 రెట్ల మధ్య, సి కర్వ్ 5 నుంచి 10 రెట్ల మధ్య, డి కర్వ్ 10 నుంచి 20 రెట్ల మధ్య వెంటనే తెగుతుంది. మోటారు స్టార్ట్ చేసినప్పుడల్లా ట్రిప్ అవుతోందని సి తీసేసి డి పెట్టేయడం చాలాచోట్ల చూస్తుంటాం. కేబుల్ పొడవు ఎక్కువగా ఉంటే చివర్లో షార్ట్ అయినా 20 రెట్ల కరెంటు రాకపోవచ్చు. అప్పుడు డి కర్వ్ ఎంసీబీ వెంటనే తెగదు, వైరు కాలుతూ ఉంటుంది. ఇంకో అపోహ కూడా ఉంది. 32 ఆంపియర్ల ఎంసీబీ 36 ఆంపియర్ల దగ్గర ట్రిప్ కాలేదని పాడైందనుకుంటారు. ప్రమాణం ప్రకారం 1.13 రెట్ల వరకు అది గంటలోపు ట్రిప్ కాకూడదు, 1.45 రెట్ల దగ్గర గంటలోపు ట్రిప్ కావాలి. ఎంసీబీకి చేసే మెయింటెనెన్సల్లా టెర్మినల్ స్క్రూ బిగువు చూడటం, అప్పుడప్పుడు ఆన్ ఆఫ్ చేయడం, వేడికి రంగు మారితే మార్చేయడం. పక్కనే ఆర్‌సీసీబీ (లీకేజీ కరెంటుని పసిగట్టి ఆపే బ్రేకర్) ఉంటే దాని టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కాలి.

ఎంసీసీబీ దగ్గరే అసలు పొరపాట్లు జరుగుతాయి. దానికి ముందు భాగంలో తిప్పే నాబ్‌లు ఉంటాయి కాబట్టి లోపల కూడా బాగుచేయొచ్చనిపిస్తుంది. అలా చేయకూడదు. ఫ్యాక్టరీలో క్యాలిబ్రేట్ చేసి సీలు వేసిన మెయిన్ కవర్ విప్పితే ఆ క్యాలిబ్రేషన్ మీద ఇక నమ్మకం పెట్టుకోలేం. షంట్ ట్రిప్ (దూరం నుంచి ట్రిప్ చేసే కాయిల్), అండర్ వోల్టేజ్ కాయిల్, ఆగ్జిలరీ కాంటాక్టుల కోసం ముందువైపు ఉండే చిన్న మూత వరకే మన హద్దు. కాంటాక్టులు అరిగిపోతే ఎంసీసీబీని మార్చాల్సిందే. బజారులో పాత ఎంసీసీబీలు విప్పి, కాంటాక్టులు గీకి, పాలిష్ పెట్టి అమ్ముతుంటారు. ఎంత చౌకగా వచ్చినా వాటిని కొనొద్దని గట్టిగా చెప్తాను.

ఏసీబీని మాత్రం విప్పి సర్వీసు చేయడానికే తయారుచేస్తారు. ఆర్క్ చూట్లు (ఆర్క్‌ని ఆర్పే గదులు) తీయొచ్చు, కాంటాక్టుల అరుగుదల చూడొచ్చు, మెకానిజానికి గ్రీజు పెట్టొచ్చు, కాయిళ్లు, స్ప్రింగ్ ఛార్జింగ్ మోటారు మార్చుకోవచ్చు. సాధారణంగా 630 లేదా 800 ఆంపియర్ల నుంచి 6300 ఆంపియర్ల వరకు దొరుకుతాయి. ఈ సౌకర్యానికి ఒక షరతు ఉంది: సర్వీసు చేయగలిగే బ్రేకర్‌కి సర్వీసు చేసి తీరాలి. ఏళ్ల తరబడి ఆన్‌లోనే ఉండిపోయిన ఏసీబీలో గ్రీజు చలికాలం నెయ్యిలా గట్టిపడుతుంది. బయటికి అంతా బాగానే కనిపిస్తుంది. రిలీజ్ (ఎప్పుడు తెగాలో నిర్ణయించే భాగం) సమయానికే సిగ్నల్ ఇస్తుంది, కాయిల్ లాగుతుంది. మెకానిజం మాత్రం ఆలస్యంగా కదులుతుంది, ఒక్కోసారి అసలు కదలదు. ఫాల్ట్ వచ్చిన రోజు ఆ ఆలస్యానికి మొత్తం ప్యానెల్ కాలిపోతుంది.

కొనేటప్పుడు బ్రేకర్ మీద ఐసీయూ, ఐసీఎస్ అని రెండు అంకెలు ఉంటాయి, చూడండి. ఐసీయూ అంటే అది తెంచగలిగే గరిష్ఠ ఫాల్ట్ కరెంటు. అంత తెంచాక మళ్లీ మామూలుగా లోడు మోస్తుందని భరోసా లేదు. ఐసీఎస్ అంటే తెంచాక కూడా పనిలో కొనసాగగలిగే స్థాయి. రెండు బ్రేకర్లు ఒకే ధరలో ఉండి, ఒకదానిలో ఐసీఎస్ 50 శాతం, ఇంకోదానిలో 100 శాతం ఉంటే రెండోదే తీసుకోండి. ఫాల్ట్ తర్వాత "దీన్ని మళ్లీ వాడొచ్చా" అనే టెన్షన్ తగ్గుతుంది.

ఫాల్ట్ కరెంటు లెక్క కష్టమేం కాదు. 500 కేవీఏ, 11 కేవీ నుంచి 433 వోల్టులకు దించే ట్రాన్స్‌ఫార్మర్ ఫుల్ లోడ్ కరెంటు సుమారు 667 ఆంపియర్లు. నేమ్‌ప్లేటు మీద ఇంపిడెన్స్ 4.5 శాతం ఉంటే 667ని 0.045తో భాగించాలి. దాదాపు 14.8 కిలో ఆంపియర్లు వస్తుంది. పెద్ద మోటార్లు తిరుగుతుంటే అవి కూడా కొంత కలుపుతాయి. అందుకే మెయిన్ దగ్గర 10 కిలో ఆంపియర్ల బ్రేకర్ చాలదు. 25 లేదా 36 కిలో ఆంపియర్లది పెట్టుకుంటే భద్రం.

థర్మల్ మ్యాగ్నెటిక్ రిలీజా, ఎలక్ట్రానిక్ రిలీజా

ఎంసీసీబీ కొనేటప్పుడు ధరలో బాగా తేడా తెచ్చేది ఇదే. ఎక్కువమంది తక్కువ ధర చూసి థర్మల్ మ్యాగ్నెటిక్ తీసుకుంటారు. చాలా ఫీడర్లకు (ప్యానెల్ నుంచి లోడుకి వెళ్లే లైన్లకు) అది చాలు కూడా. లోపల వేడికి వంగే ద్విలోహ పట్టీ ఓవర్‌లోడ్ చూసుకుంటుంది, అయస్కాంత భాగం షార్ట్ సర్క్యూట్ చూసుకుంటుంది. పాడవడానికి ఎలక్ట్రానిక్స్ ఏమీ లేవు. ఓవర్‌లోడ్ సెట్టింగు మామూలుగా రేటింగులో 0.8 నుంచి 1 రెట్ల మధ్యే తిప్పగలం, కొన్నిటిలో 0.7 నుంచి ఉంటుంది. చిన్న సైజుల్లో మ్యాగ్నెటిక్ సెట్టింగు ఫిక్స్‌డ్‌గానే వస్తుంది.

మన ఊళ్లలో దీనికి అసలు పరీక్ష ఎండాకాలం. థర్మల్ పట్టీని ఎంసీబీల్లో సాధారణంగా 30 డిగ్రీలకు, ఎంసీసీబీల్లో 40 డిగ్రీలకు క్యాలిబ్రేట్ చేస్తారు. రెంటచింతలలో, రామగుండంలో మే నెలలో నీడలోనే 45 దాటుతుంది. రేకుల షెడ్డు కింద, గాలాడని ప్యానెల్ లోపల 60కి చేరడం వింత కాదు. ఆ వేడిలో థర్మల్ రిలీజ్ తన రేటింగు కంటే తక్కువ కరెంటుకే ట్రిప్ అవుతుంది. 60 డిగ్రీల దగ్గర తగ్గుదల చాలా మోడళ్లలో 10 శాతం చుట్టూ ఉంటుంది, తయారీదారు పట్టికలో సరైన అంకె దొరుకుతుంది. మధ్యాహ్నం ట్రిప్ అయ్యి, రాత్రి అదే లోడుకి నిలబడుతుంటే ముందు అనుమానించాల్సింది ఈ వేడినే. అప్పుడు సెట్టింగు పెంచడం తప్పుదారి. ప్యానెల్‌కి గాలి వచ్చేలా చేయాలి, ఫిల్టర్లు శుభ్రం చేయాలి, లూజ్ జాయింట్లు వెతకాలి. పట్టికలో చూసి తదుపరి సైజు బ్రేకర్ పెట్టాలనుకుంటే కేబుల్ అంత కరెంటు మోయగలదా అని కూడా చూసుకోవాలి.

ఎలక్ట్రానిక్ రిలీజ్‌లో కరెంటు ట్రాన్స్‌ఫార్మర్లు కొలుస్తాయి, ప్రాసెసర్ లెక్క వేస్తుంది. బయటి వేడికి దాని సెట్టింగు దాదాపు మారదు. అలాగని వేడి దానికి మంచిదని కాదు, లోపలి భాగాల ఆయుష్షు తగ్గుతుంది. లాభం ఎక్కడంటే సర్దుబాటు పరిధిలో. ఓవర్‌లోడ్‌ని రేటింగులో 0.4 నుంచి 1 రెట్ల వరకు పెట్టుకోవచ్చు. షార్ట్ టైమ్ రక్షణకి (షార్ట్ సర్క్యూట్‌కి కాస్త ఆగి తెగడానికి) విడిగా కరెంటు, విడిగా ఆలస్యం ఉంటాయి. ఎర్త్ ఫాల్ట్ రక్షణ కూడా కలుపుకోవచ్చు. మిల్లుకి తర్వాత మోటార్లు కలిపే ఆలోచన ఉంటే, ఇప్పుడు తక్కువకి పెట్టుకుని తర్వాత పెంచుకునే ఈ వెసులుబాటు బాగా పనికొస్తుంది.

డీజిల్ జనరేటర్ ఉన్న చోట నేను ఎలక్ట్రానిక్ రిలీజే తీసుకోమంటాను. దీనికి కారణం వివరంగా చెప్పాలి. 125 కేవీఏ డీజీ సెట్ ఫుల్ లోడ్ కరెంటు సుమారు 174 ఆంపియర్లు. దానికి 200 ఆంపియర్ల థర్మల్ మ్యాగ్నెటిక్ ఎంసీసీబీ, 10 రెట్ల మ్యాగ్నెటిక్ సెట్టింగుతో పెట్టారనుకోండి. అది వెంటనే తెగాలంటే 2000 ఆంపియర్లు రావాలి. ట్రాన్స్‌ఫార్మర్ అంత కరెంటు ఇస్తుంది, ఆల్టర్నేటర్ ఇవ్వలేదు. షార్ట్ అయిన మొదటి క్షణంలో కొంత ఎక్కువ ఇచ్చినా, త్వరలోనే ఫుల్ లోడ్‌కి మూడు రెట్ల చుట్టుపక్కలకి పడిపోతుంది. ఎక్సైటేషన్ (ఆల్టర్నేటర్ అయస్కాంతానికి ఇచ్చే కరెంటు) నిలవని వాటిలో ఇంకా తక్కువ. అంటే డీజీ మీద నడుస్తుండగా షార్ట్ అయితే ఆ బ్రేకర్ మ్యాగ్నెటిక్ భాగం కదలదు, థర్మల్ భాగం వేడెక్కే దాకా ఆల్టర్నేటరూ కేబులూ కాలుతూ ఉంటాయి. ఎలక్ట్రానిక్ రిలీజ్‌లో షార్ట్ టైమ్ పికప్‌ని (తెగడం మొదలయ్యే కరెంటుని) 2 నుంచి 2.5 రెట్ల దగ్గర, చిన్న ఆలస్యంతో పెట్టుకోవచ్చు. పెద్ద మోటారు స్టార్టింగుకి అది తెగకుండా చూసుకుంటే చాలు. కరెంటు పోయినప్పుడల్లా డీజీ మీద లిఫ్టు, మోటార్లు నడిపే అపార్ట్‌మెంట్లలో ఈ సంగతి ఎవరూ అడగరు. కమిటీవాళ్లు తప్పక అడగాలి.

మరి థర్మల్ మ్యాగ్నెటిక్ ఎక్కడ మంచిది? లోడు స్థిరంగా ఉండే మోటారు ఫీడర్లకి, సర్వీసు ఇంజినీర్ రావడం కష్టమైన పల్లె ప్రాంతాల్లోని చిన్న యూనిట్లకి. 50 హెచ్‌పీ మోటారు ఫుల్ లోడ్ కరెంటు 66 ఆంపియర్ల చుట్టూ ఉంటుంది, నేరుగా స్టార్ట్ చేస్తే ఆరేడు రెట్లు లాగుతుంది. 100 ఆంపియర్ల థర్మల్ మ్యాగ్నెటిక్ ఎంసీసీబీ దాన్ని హాయిగా మోస్తుంది. మోటారు వైండింగుని కాపాడే పని మాత్రం స్టార్టర్లోని ఓవర్‌లోడ్ రిలేది. ఎంసీసీబీ కేబుల్‌ని, షార్ట్ సర్క్యూట్‌ని చూసుకుంటుంది.

ఫిక్స్‌డ్ రకమా, డ్రా అవుట్ రకమా

ఏసీబీ కొనేటప్పుడు డ్రా అవుట్‌కి, అంటే ఊయల లాంటి ఫ్రేములోంచి బయటికి లాగే రకానికి, ధర గణనీయంగా ఎక్కువ. ఇక్కడే చాలామంది ఫిక్స్‌డ్ వైపు మొగ్గుతారు. ఆ ధర తేడాతో మనం కొనేది పని చేసేవాడి ప్రాణానికి రక్షణ.

డ్రా అవుట్‌లో మూడు స్థానాలుంటాయి: సర్వీస్, టెస్ట్, ఐసొలేటెడ్. టెస్ట్ స్థానంలో పవర్ కాంటాక్టులు విడిపోతాయి, కంట్రోల్ వైరింగు మాత్రం కలిసే ఉంటుంది. కాబట్టి లోడు కలపకుండానే ఆన్, ఆఫ్, ట్రిప్ అన్నీ పరీక్షించుకోవచ్చు. ఐసొలేటెడ్ స్థానం నుంచి బ్రేకర్‌ని బయటికి లాగేసి బల్ల మీద పెట్టి సర్వీసు చేసుకోవచ్చు. మిగతా ప్యానెల్ ఆపకుండా ఒక్క బ్రేకర్‌ని తీసి, స్పేర్ ఉంటే అది తోసేయొచ్చు.

ఫిక్స్‌డ్ రకానికి బోల్టు మీద చెయ్యి వేయాలంటే పై నుంచి వచ్చే సరఫరా మొత్తం ఆపాలి. ట్రాన్స్‌ఫార్మర్ డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) వాళ్లదైతే వాళ్ల లైన్‌మన్‌తో ఏబీ స్విచ్ (స్తంభం మీది స్విచ్) తీయించి ఎల్‌సీ (లైన్ క్లియరెన్స్) తీసుకోవాలి. సొంత ట్రాన్స్‌ఫార్మర్ అయితే హెచ్‌టీ (11 కేవీ వైపు) బ్రేకర్ ఆపి తాళం వేయాలి. ఈ ఏర్పాటు కష్టమని సర్వీసు వాయిదా పడుతుంది. లేదా, ఇంకా ఘోరంగా, పై టెర్మినళ్లు లైవ్‌లో ఉండగానే పని మొదలుపెడతారు. ఫిక్స్‌డ్ తీసుకున్నా ఫరవాలేదు అని నేను చెప్పేది ఒక్క సందర్భంలోనే: పై సరఫరా ఆపే అధికారం మీ చేతిలోనే ఉండి, ఏడాదికోసారి సీజన్ ముగిశాక ప్లాంటు మొత్తం ఆగేచోట. జిన్నింగ్ మిల్లులు ఇలాంటివే. ఏడాది పొడవునా ఆపలేని కోల్డ్ స్టోరేజీకి, ఆసుపత్రికి డ్రా అవుట్ తప్పదు.

డ్రా అవుట్ ఉంటే చాలు, ప్రమాదం లేదనుకోవద్దు. బ్రేకర్ బయటికి వచ్చేసినా ఊయల లోపల పైవైపు కాంటాక్టులు లైవ్‌లోనే ఉంటాయి. వాటికి అడ్డంగా షటర్లు ఉంటాయి. దుమ్ము దులుపుదామని ఆ షటర్లు ఎత్తి చెయ్యి పెట్టడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. అక్కడ శుభ్రం చేయాలంటే డ్రా అవుట్ అయినా సరే బస్‌బార్ షట్‌డౌన్ తీసుకోవాలి. బ్రేకర్‌ని లాగేటప్పుడు, తోసేటప్పుడు అది ఆఫ్‌లో ఉందని సూచికలో చూడాలి, ప్యానెల్ తలుపు మూసే ఉండాలి. హ్యాండిల్ తిరగనంటే ఇంటర్‌లాక్ ఏదో ఆపుతోందని అర్థం. బలవంతంగా తిప్పకుండా కారణం వెతకాలి. కొనేటప్పుడే డీలర్‌ని అడగండి: తలుపు మూసి ఉండగా ర్యాకింగ్ (బ్రేకర్‌ని లాగడం, తోయడం) చేయొచ్చా, షటర్లకి తాళం వేయొచ్చా, ఐసొలేటెడ్ స్థానంలో ప్యాడ్‌లాక్ పెట్టొచ్చా? ఈ మూడింటికీ అవునని చెప్పే మోడల్‌కి కాస్త ఎక్కువైనా ఇవ్వండి.

చెయ్యి వేసేముందు

ఏ రకం కొన్నా ఈ వరస మారదు. ఆఫ్ చేయాలి. మళ్లీ ఎవరూ ఆన్ చేయకుండా తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని, పేరు రాసిన ట్యాగు తగిలించాలి. తర్వాత కరెంటు లేదని నిర్ధారించుకోవాలి. టెస్టర్‌ని ముందు లైవ్ ఉన్నచోట పెట్టి పనిచేస్తోందని చూసి, పని చేసేచోట ఫేజ్‌కీ ఫేజ్‌కీ మధ్య, ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కొలిచి, మళ్లీ లైవ్ దగ్గర చూసుకోవాలి. స్క్రూడ్రైవర్ రకం నియాన్ టెస్టర్‌ని దీనికి నమ్మకూడదు. ఆ తర్వాత ఎర్త్ చేసి షార్ట్ చేయాలి, పక్కన లైవ్ భాగాలుంటే కప్పాలి.

ఈ మధ్య ప్యానెళ్లకి కరెంటు నాలుగు వైపుల నుంచి వస్తోంది. గ్రిడ్ ఆపినా డీజీ ఆటోమేటిక్‌గా స్టార్ట్ అవ్వొచ్చు, యూపీఎస్ వెనక్కి ఇవ్వొచ్చు, పైకప్పు మీద సోలార్ ఉండొచ్చు. డీజీని ఆటో నుంచి తీసి బ్యాటరీ విప్పాలి, సోలార్ ఏసీ ఐసొలేటర్ తెరిచి తాళం వేయాలి. కెపాసిటర్ బ్యాంకు ఉంటే కనీసం ఐదు నిమిషాలు ఆగి, వోల్టేజీ కొలిచి చూశాకే ముట్టుకోవాలి.

ఏసీబీలో ఇంకో దాగిన శక్తి స్ప్రింగు. కంట్రోల్ సప్లై తీసేశాక ఆఫ్, ఆన్, ఆఫ్ వరసగా నొక్కితే స్ప్రింగులు ఖాళీ అవుతాయి. సూచికలో డిశ్చార్జ్ అని కనిపించాలి. కంట్రోల్ సప్లై తీయకపోతే మోటారు మళ్లీ ఛార్జ్ చేసేస్తుంది. ఛార్జ్ అయి ఉన్న మెకానిజంలో వేలు పెడితే వేలు పోతుంది.

ట్రిప్ అవుతోంది, సెట్టింగు పెంచాలా?

ఎక్కువమంది ఎలక్ట్రీషియన్‌ని పిలిచేది దీనికే. నా జవాబు ఎప్పుడూ ఒకటే: మూడు ఫేజుల్లోనూ టంగ్ టెస్టర్ (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే మీటరు) పెట్టి కొలవనిదే నాబ్ ముట్టుకోవద్దు. కరెంటు సెట్టింగు కంటే తక్కువే ఉండి ట్రిప్ అవుతుంటే దోషం వేడిదో, లూజ్ లగ్గుదో (కేబుల్ కొసన బిగించే ముక్కదో), బ్రేకర్‌దో. లూజ్ లగ్గు దగ్గర పుట్టిన వేడి నేరుగా థర్మల్ పట్టీకి పాకుతుంది. లోడు నడుస్తుండగా థర్మల్ కెమెరాతో చూస్తే ఒకే లోడు మోస్తున్న మూడు ఫేజుల్లో ఒకటి మిగతావాటి కంటే 15 డిగ్రీలు దాటి వేడిగా ఉంటే వెంటనే షట్‌డౌన్ తీసుకోవాల్సిన సంగతి. ఒక ఫేజులో కరెంటు ఎక్కువుంటే లోడు సర్దాలి. మూడింటిలోనూ ఎక్కువుంటే లోడు నిజంగానే పెరిగింది, అప్పుడు కేబుల్ సైజు చూశాకే సెట్టింగు మాట.

ఎందుకంటే ఓవర్‌లోడ్ సెట్టింగుకి హద్దు పెట్టేది ఆ వరసలో అన్నిటికంటే బలహీనమైనది. ఇందాకటి 500 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌కి 800 ఆంపియర్ల ఏసీబీ ఉంటే, 0.8 దగ్గర పెడితే 640 ఆంపియర్లు. ఇది ట్రాన్స్‌ఫార్మర్ మోయగలిగే 667 లోపే ఉంది. 1 దగ్గర వదిలేస్తే ట్రాన్స్‌ఫార్మర్ ఇరవై శాతం ఓవర్‌లోడ్‌లో నడుస్తున్నా బ్రేకర్ పట్టించుకోదు. కేబుల్ సామర్థ్యం 600 అయితే 640 కూడా ఎక్కువే, 0.75కి దించాలి.

తర్వాతది పై బ్రేకరూ కింది బ్రేకరూ వంతులు పాటించడం. కన్వేయర్ మోటారులో షార్ట్ అయితే దాని ఎంసీసీబీ మాత్రమే తెగాలి, మిల్లంతా చీకటి కాకూడదు. దీనికోసం మెయిన్ ఏసీబీలో షార్ట్ టైమ్ ఆలస్యాన్ని 0.2 లేదా 0.3 సెకన్లు పెట్టి, కింది ఎంసీసీబీలను వెంటనే తెగేలా వదులుతారు. ఆ కాసేపు ఫాల్ట్ కరెంటుని మోయడానికి ఏసీబీకి ఐసీడబ్ల్యూ అనే రేటింగు ఉంటుంది. ఇక్కడే ఏసీబీ ఎంసీసీబీ కంటే స్పష్టంగా గెలుస్తుంది. చాలా ఎంసీసీబీలు పెద్ద ఫాల్ట్‌ని అలా మోస్తూ ఆగలేవు, వెంటనే తెగుతాయి. అయితే ఆలస్యం పెంచిన కొద్దీ ప్యానెల్లో ఆర్క్ వస్తే దాని తీవ్రతా పెరుగుతుంది. లైవ్ ప్యానెల్ దగ్గర తప్పనిసరిగా నిలబడాల్సిన పని ఉన్నప్పుడు ఆలస్యాన్ని తాత్కాలికంగా తగ్గించే మెయింటెనెన్స్ మోడ్ కొన్ని ఎలక్ట్రానిక్ రిలీజుల్లో ఉంటుంది. ఉన్న మోడల్ దొరికితే తీసుకోండి.

నాబ్ తిప్పేటప్పుడు బ్రేకర్ ఆఫ్‌లో ఉండటం మంచిది. తిప్పకముందు ఒక ఫోటో, తిప్పాక ఒక ఫోటో తీసి, తేదీ, కారణం, చేసినవారి పేరు రిజిస్టర్లో రాయాలి. పారదర్శక మూతకి మళ్లీ సీలు వేయాలి.

సర్వీసు: మనవాళ్లా, కంపెనీవాళ్లా

దుమ్ము తీయడం, బోల్టులు తయారీదారు చెప్పిన టార్క్‌కి బిగించడం, మెగ్గర్ చేయడం (ఇన్సులేషన్ కొలవడం), ఆన్ ఆఫ్ చేసి చూడటం శిక్షణ ఉన్న సొంత మనిషి చేయగలడు. దుమ్ముకి బ్లోయర్ కొట్టొద్దు, అది ఊకనీ పొడినీ ఇంకా లోపలికి తోస్తుంది. వాక్యూమ్ వాడాలి. కాంటాక్టులని ఎమెరీ కాగితంతో, ఆకురాయితో గీకొద్దు, వెండి మిశ్రమం పొర పోతుంది. మెకానిజం మీద చేతికొచ్చిన స్ప్రే కొట్టొద్దు. కొద్దిరోజులు తేలిగ్గా కదిలినా అసలు గ్రీజుని కరిగించి పోతుంది. పాత గ్రీజు పూర్తిగా తుడిచి, మాన్యువల్లో చెప్పినదే పెట్టాలి. ఎల్‌టీ బ్రేకర్‌కి 500 వోల్టుల మెగ్గర్ సరిపోతుంది. ఎలక్ట్రానిక్ రిలీజ్ వోల్టేజీ కనెక్షన్లు విప్పకుండా మెగ్గర్ తిప్పితే రిలీజ్ కాలిపోవచ్చు.

కాంటాక్ట్ రెసిస్టెన్స్, ట్రిప్ టెస్టులు కంపెనీ సర్వీసుకో, పరికరాలున్న ఏజెన్సీకో ఇవ్వండి. కాంటాక్ట్ రెసిస్టెన్స్ మైక్రో ఓముల్లో వస్తుంది. ఒక పోల్ (ఒక ఫేజు కాంటాక్టు) మిగతావాటి కంటే 50 శాతం మించి ఎక్కువ చూపిస్తే కారణం వెతకాలి. ట్రిప్ టెస్టులో రెండు దారులున్నాయి. సెకండరీ ఇంజెక్షన్‌లో రిలీజ్‌కి నేరుగా చిన్న సిగ్నల్ ఇస్తారు. చౌక, తేలిక, ఏటా చేయించొచ్చు, కానీ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌లో దోషం ఉంటే దొరకదు. ప్రైమరీ ఇంజెక్షన్‌లో వందల, వేల ఆంపియర్లు బ్రేకర్ గుండానే పంపిస్తారు. ఖర్చెక్కువ, బరువైన సెట్టు తేవాలి, కానీ మొత్తం గొలుసుకట్టు పరీక్ష అవుతుంది. ప్యానెల్ కొత్తగా ఎక్కించినప్పుడు, రిలీజ్ మార్చినప్పుడు ప్రైమరీ, మిగతా ఏళ్లలో సెకండరీ అనేది నాకు సబబుగా తోస్తుంది. థర్మల్ మ్యాగ్నెటిక్‌కి సెకండరీ దారి లేనేలేదు, ప్రైమరీ ఒక్కటే.

ఏసీబీకి మామూలు చోట ఏడాదికోసారి, రైస్ మిల్లు దుమ్ములో, భీమవరం వైపు రొయ్యల చెరువుల ఉప్పుగాలిలో ఆరు నెలలకోసారి సర్వీసు పెట్టుకోండి. పెద్ద ఫాల్ట్‌కి తెగితే క్యాలెండర్ చూడకుండా వెంటనే విప్పి చూడాలి.

పాత ఏసీబీ: రిపేరా, రెట్రోఫిట్టా, కొత్తదా

స్పేర్లు దొరికితే, ఫ్రేము, ఇన్సులేషన్ బాగుంటే రిపేరే మేలు. స్పేర్ల కోసం వెతికేటప్పుడు కంపెనీ పేర్లు మారాయని గుర్తుంచుకోండి. ఎల్ అండ్ టీ స్విచ్‌గేర్ వ్యాపారం 2020లో ష్నైడర్ చేతికి వెళ్లి, 2024 నుంచి లారిట్జ్ నుడ్సెన్ పేరుతో నడుస్తోంది. జీఈ ఇండస్ట్రియల్ సొల్యూషన్స్ 2018లో ఏబీబీకి వెళ్లింది. పాత పేరుతో డీలర్ లేదన్నాడని బ్రేకర్ పారేయక్కర్లేదు, కొత్త పేరుతో సీరియల్ నంబరిచ్చి అడగండి.

మెకానిజం బాగుండి రిలీజ్ ఒక్కటే పాడైతే కొత్త రిలీజ్ కిట్ పెట్టించుకోవడం చౌక. స్పేర్లు ఆగిపోయిన మోడల్ అయితే పాత ప్యానెల్, బస్‌బార్లు ఉంచి కొత్త బ్రేకర్‌ని అడాప్టర్లతో ఇమిడ్చే రెట్రోఫిట్ చూడండి. ప్యానెల్ మొత్తం మార్చడం కంటే షట్‌డౌన్ సమయం బాగా తగ్గుతుంది. దీనికి మాత్రం తయారీదారు రెట్రోఫిట్ కిట్టే ఉండాలి, లోకల్ వర్క్‌షాపులో కోసి అతికించిన బస్‌బార్ పట్టీలు కాదు. బస్‌బార్ సపోర్టులు పగిలినా, కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వల్ల ఫాల్ట్ స్థాయి పాత ప్యానెల్ రేటింగుని దాటినా ప్యానెలే మార్చాలి.

కొత్త బ్రేకర్ వచ్చాక దాని నాబ్‌లు ఫ్యాక్టరీ నుంచి ఎక్కడున్నాయో అక్కడే వదిలి కరెంటు ఇవ్వకండి. ఆ స్థానాలు మీ కేబుల్‌ని, మీ ట్రాన్స్‌ఫార్మర్‌ని చూసి పెట్టినవి కావు. పాత రిజిస్టర్లోని సెట్టింగుని కూడా గుడ్డిగా ఎక్కించొద్దు, రిలీజ్ మోడల్ మారితే ఒకే అంకెకి అర్థం మారొచ్చు. కొన్నిటిలో షార్ట్ టైమ్ రెట్లు ఓవర్‌లోడ్ సెట్టింగు మీద లెక్క, కొన్నిటిలో బ్రేకర్ రేటింగు మీద లెక్క. మాన్యువల్ ముందు పెట్టుకుని ఆంపియర్లలోకి మార్చి, ఆ ఆంపియర్ల అంకెల్నే ప్యానెల్ తలుపు లోపల అతికించండి.